టోరున్ వెళ్లే పిల్లలకు

సంపాదకులకు నమస్కారం.

పోలండ్‌లో చదువుతున్న మన గోదావరి జిల్లాల పిల్లలు సెమినార్‌కో, లైబ్రరీ పనికో రెండ్రోజులు రైల్లో టోరున్ వెళ్లాల్సి వస్తే ఏం చూసుకోవాలో ఇంట్లో చెప్పేవాళ్లుండరు. మీ విదేశీ విద్య పేజీలో ఫీజులు, వీసాలతో పాటు ఈ సంగతులకూ చోటివ్వండి.

టోరున్ అంటే 1473లో కోపర్నికస్ పుట్టిన ఊరు. చిక్కంతా స్టేషన్ దగ్గరే. మనకు భీమవరం టౌన్, భీమవరం జంక్షన్ ఉన్నట్టే అక్కడా ఒకటికి మించి స్టేషన్లు. టోరున్ గ్వూవ్నీ పేరుకు ప్రధాన స్టేషనే గానీ, ఉన్నది విస్తులా నదికి దక్షిణపు ఒడ్డున. పాత ఊరేమో ఉత్తరపు ఒడ్డున. వార్సా నుంచి కుట్నో మీదుగా వచ్చే రైలు గ్వూవ్నీలోనే దింపుతుంది, బస్సెక్కి వంతెన దాటాలి. ఓల్ష్టిన్ వైపు నుంచి వచ్చేవాళ్లు మాత్రం ముందే వచ్చే టోరున్ మియాస్తోలో దిగితే పాత ఊళ్లోకి నడిచి వెళ్లిపోవచ్చు. యూనివర్సిటీ ప్రధాన ప్రాంగణం ఇంకా పడమటగా, బియెలానీలో ఉంది. కాబట్టి సెమినార్‌కు కనీసం గంటన్నర ముందు రైలు దిగేలా చూసుకోవాలి. బస్సు టికెట్ కొని జేబులో పెట్టుకుంటే చాలదు, ఎక్కగానే మెషీన్‌లో ముద్ర వేయించాలి.

స్టేషన్‌లో పసుపు కాగితం మీదున్నవి బయల్దేరే రైళ్లు, తెల్ల కాగితం మీదున్నవి వచ్చే రైళ్లు. కంగారులో తెల్లది చూసి రైలు అందుకోలేకపోయేవాళ్లుంటారు. 'పెరాన్' ప్లాట్‌ఫారం, 'తోర్' పట్టాల నంబరు. ఒకే ప్లాట్‌ఫారానికి రెండు వైపులా రెండు తోర్‌లుంటాయి, రెండూ సరిచూసుకోవాలి.

ఇంటర్‌సిటీ టికెట్ పోల్‌రేజియో రైల్లో చెల్లదు, కంపెనీలు వేరు. ఆన్‌లైన్ టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరును పొడి అక్షరంగా రాసే మన అలవాటు అక్కడ పనికిరాదు. 26 ఏళ్లలోపు విద్యార్థులకు 51 శాతం రాయితీ ఉంది, అది పోలిష్ యూనివర్సిటీ ఇచ్చిన కార్డు మీదే. ప్లాస్టిక్ కార్డుకైతే సెమిస్టర్ మారినప్పుడల్లా కొత్త స్టిక్కర్ వేయించుకోవాలి. స్టిక్కర్ గడువు దాటితే కార్డు చెల్లదు, రాయితీ పోవడమే కాక అదనంగా కట్టాలి.

ఖగోళశాస్త్రం చదివేవాళ్లు ఊరి బయట పివ్నిట్సెలో ఉన్న 32 మీటర్ల రేడియో టెలిస్కోపును వదులుకోకూడదు. ముందే ఈమెయిల్ రాసి అనుమతి అడగాలి. మ్యూజియంలు చాలావరకు సోమవారం మూస్తారు, కోపర్నికస్ ఇల్లు చూడాలంటే శని, ఆదివారాలు పెట్టుకోవడం మేలు. ఆదివారం పెద్ద షాపులు దాదాపు అన్నీ బంద్. రొట్టె, పెరుగు, పళ్లు శనివారం సాయంత్రమే కొనిపెట్టుకోవాలి.

ఇట్లు,
కొందరు కళాశాల అధ్యాపకులు,
అమలాపురం