జీతం బాకీ అడగడానికీ ఒక గడువు ఉంది

సంపాదకుల వారికి,

తోతాపురి సీజను కోసం మామిడి గుజ్జు పరిశ్రమలు మళ్లీ మనుషులను పిలుచుకునే రోజులు దగ్గర పడ్డాయి. ఆ పనికి వెళ్లేవారికి ఉపయోగపడవచ్చునన్న ఉద్దేశంతో, రావలసిన జీతం కోసం ఏడాదికి పైగా తిరిగిన నా అనుభవాన్ని మీ పత్రిక ద్వారా తెలియజేస్తున్నాను.

2023 సీజనులో చిత్తూరుకు దగ్గరలోని ఒక పల్ప్ ఫ్యాక్టరీలో నెలకు 13 వేల రూపాయల జీతానికి స్టోరు గుమస్తాగా చేరాను. జూన్, జూలై, ఆగస్టు నెలల జీతం, అంటే 39 వేలు, పని ముగిసినా నా చేతికి రాలేదు. యజమాని ఇవ్వనని ఎన్నడూ అనలేదు. అని ఉంటే ఆ వారమే ఫిర్యాదు చేసి ఉండేవాడిని. సరుకు డ్రమ్ముల్లోనే నిలిచిపోయిందని, ఎగుమతి డబ్బు రావాలని, దీపావళికి చూద్దామని, సంక్రాంతి పోనిమ్మని మర్యాదగానే చెబుతూ వచ్చారు. ఆ మర్యాద ఖరీదు తరువాత తెలిసింది. అప్పుడు అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం జీతం అందవలసిన తేదీ నుంచి 12 నెలల లోపు క్లెయిము వేయాలి. వెయ్యి మంది కంటే తక్కువ పనిచేసే ఫ్యాక్టరీలో ఒక నెల జీతాన్ని తరువాతి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలి కనుక, నా జూన్ జీతానికి గడువు 2024 జూలై మొదటి వారంతో తీరిపోయేది. నేను కార్మిక శాఖకు దరఖాస్తు ఇచ్చింది 2024 జూన్ చివరి వారంలో. నాతో పనిచేసిన బాయిలర్ ఆపరేటరు ఒకాయన "మాట ఇచ్చారు కదా" అని దసరా దాకా ఆగారు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలు చట్టంలో ఉన్నప్పటికీ, ఆ మాట నమ్మే ఆగానని చూపించడానికి ఆయన దగ్గర కాగితం ముక్క కూడా లేదు.

కాలిఫోర్నియాలో ఉన్న మా మేనల్లుడు పాత యజమాని ఎగ్గొట్టిన జీతాన్ని అక్కడి స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో రాబట్టుకున్నాడు. అక్కడ 12,500 డాలర్ల వరకు మనిషి తానే వెళ్లి అడగవచ్చునట, విచారణలో ఇరువైపులా వకీళ్లు వాదించరాదట. ఇక్కడ కూడా అలాంటిది ఉందేమోనని ఒక న్యాయవాదిని అడిగాను. చిన్న దావాలకు 1887 నాటి చట్టం ఒకటి ఉన్నదని, అయితే వేతన చట్టం కింద అడగదగిన జీతానికి సివిల్ కోర్టులో దావా వేయకూడదని, కార్మిక శాఖకే వెళ్లాలని ఆయన ఫీజు తీసుకోకుండానే చెప్పి పంపారు.

నా దరఖాస్తుపై కార్మిక శాఖ అధికారి జరిపిన విచారణలో ఫ్యాక్టరీ తరఫు వకీలు జీతమంతా నగదుగా ఇచ్చేశామని, పైగా పదివేల అడ్వాన్సు నేనే బాకీ ఉన్నానని వాదించారు. నా దగ్గర నియామక పత్రం లేదు. గుర్తింపు కార్డు, ఫ్యాక్టరీ పేరున్న పీఎఫ్ పాస్‌బుక్కు, "జీతం వచ్చే వారం" అంటూ మేనేజరు ఫోనుకు పంపిన సందేశాలు మాత్రం ఉన్నాయి. అధికారి వేతన రిజిస్టరు తెమ్మన్నారు. ఆ రిజిస్టరును చివరి నమోదు తరువాత మూడేళ్లు భద్రపరచాలన్నది చట్టం. అందులో మూడు నెలలకూ నా పేరు ఉంది, సంతకం గడి ఖాళీగా ఉంది. కాయలు కోసే లైనులో పనిచేసే ఆడవాళ్లు చేరిన రోజునే ఖాళీ వోచర్ల మీద వేలిముద్ర వేయడం నేను కళ్లారా చూశాను. నేనూ అలా సంతకం చేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. చివరకు 39 వేలు రెండు చెక్కులుగా ఇవ్వడానికి రాజీ కుదిరింది. పరిహారం నేను వదులుకున్నాను. దానికి మా ఇంటావిడ ఇప్పటికీ నన్ను క్షమించలేదు.

2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. క్లెయిముకు మూడేళ్ల గడువు ఇచ్చారు. నెల జీతం 24 వేలు దాటనివారికే పాత చట్టం వర్తించేది, ఆ పరిమితి ఇప్పుడు పోయింది. తొలగించినా, రాజీనామా చేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. క్లెయిముపై పది రెట్ల దాకా పరిహారం విధించవచ్చు. అన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచింది, జీతం ఇచ్చామని రుజువు చేసే భారాన్ని యజమాని మీదే పెట్టడం. మూడేళ్ల గడువు విషయంలో మాత్రం నాకొక అనుమానం ఉంది. గడువు పెరిగిన కొద్దీ "చూద్దాం" అనే మాట కూడా అంతే సాగుతుంది, ఈలోగా సాక్షులైన తోటివారు బెంగళూరుకో చెన్నైకో వెళ్లిపోతారు. అందుచేత రెండో నెల జీతం ఆగినప్పుడే రాతపూర్వకంగా అడిగి, ఆ ప్రతిని దాచుకోవాలని నా మనవి.

ఈ సీజను మొదలయ్యేలోగా ప్రతి గుజ్జు పరిశ్రమ గేటు దగ్గర, సరిహద్దు దాటి పనికి వచ్చేవారి కోసం తమిళంలో కూడా, జీతం ఇవ్వవలసిన తేదీ, క్లెయిము గడువు, దరఖాస్తు తీసుకునే అధికారి చిరునామా రాసిన బోర్డు పెట్టించవలసిందిగా కార్మిక శాఖను కోరుతున్నాను. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది కాబట్టి న్యాయ సేవాధికార సంస్థ ఫోను నంబరు 15100ను కూడా అదే బోర్డు మీద, దూరం నుంచి కనిపించేలా రాయించాలి.

ఇట్లు,
ఒక మాజీ స్టోరు గుమస్తా,
చిత్తూరు