భగవాన్ నాకేమిచ్చారంటే

వెస్ట్ మాంబలం, చెన్నై
ఆదివారం పొద్దున

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో ఏడుస్తూ ఒక మాటన్నావు. "ముప్పై ఏళ్ళు రమణ మహర్షిని భగవాన్ అని కొలిచావు కదమ్మా, ఆయన నీకేం చేశారు?" అని. వెంటనే నాలిక కరుచుకుని సారీ అన్నావు. సారీ ఎందుకే? అడగాల్సిన మాటే. ఫోన్లో చెప్పబోతే ఆయాసం వస్తోంది. మార్ఫిన్ మాత్ర వేసుకున్నాక కాసేపు తెరిపిగా ఉంటుంది, ఆ వేళల్లో కొంచెం కొంచెం రాస్తున్నాను.

ఈ జబ్బు నయం చెయ్యమని భగవాన్‌కి నేనెప్పుడూ మొక్కుకోలేదు. ఎలా మొక్కుకుంటాను, ఆయన పోయిందీ క్యాన్సర్‌తోనే. 1949 ఫిబ్రవరిలో ఎడమ మోచేతి దగ్గర చిన్న గడ్డ తీశారు. మళ్ళీ లేచింది. ఆ ఏడాదిలోనే నాలుగుసార్లు కోశారు. మన మద్రాసు నుంచి డాక్టర్లు వెళ్ళారు, రేడియం పెట్టారు. చెయ్యి తీసేస్తామంటే మాత్రం ఆయన ఒప్పుకోలేదు, ఈ ఒళ్ళే ఒక రోగం కదా అన్నారు. పసరు కట్టినా, హోమియోపతి మందిచ్చినా కాదనలేదు. తెచ్చినవాళ్ళ మనసు చిన్నబుచ్చలేకే అనిపిస్తుంది నాకు. నువ్వు పంపే కషాయాలన్నీ నేనూ అందుకే తాగుతున్నాను.

తిరువణ్ణామలై ఆశ్రమంలో భగవాన్ చివరి రోజులు గడిపిన ఆ చిన్న గది గుర్తుందా? రెండో క్లాసులో ఉన్నావు. మునివేళ్ళ మీద లేచి లోపలికి చూసి, "ఇంత చిన్న గదా!" అన్నావు. అంత నొప్పిలోనూ చివరి రోజు దాకా జనానికి దర్శనం ఆపనివ్వలేదు. 1950 ఏప్రిల్ 14, రాత్రి 8.47కి, బయట భక్తులు 'అరుణాచల శివ' పాడుతుండగా వెళ్ళిపోయారు.

ఇక నాకిచ్చింది చెబుతాను. లివర్‌కి కూడా పాకింది, ఇక నెలలే అని డాక్టరు చెప్పిన రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లారుజామున నీళ్ళొస్తే లేచి బిందె పెట్టి, వంటింట్లో నేల మీద కూలబడ్డాను. చేతులు వణుకుతున్నాయి. భగవాన్ మాటల్లో ఇన్నేళ్ళూ చదువుకున్న ఒక్క ప్రశ్న అప్పుడు దానంతటదే వచ్చింది. ఈ భయం ఎవరికి? నాకు. ఆ నేనెవరు? జవాబేమీ రాలేదు. బిందె నిండి పొర్లుతున్న చప్పుడు మాత్రం వినపడింది. అప్పటిదాకా అది నా చెవిన పడనే లేదు. లేచి కుళాయి కట్టేశాను. దాన్ని జ్ఞానమని నేననను తల్లీ. భయం మళ్ళీ వచ్చింది, రోజూ వస్తుంది. రోజూ అదే అడుగుతాను. కాసేపు తప్పుకుంటుంది. ఆ కాసేపే నాకు ఆయన పెట్టిన భిక్ష.

పెళ్ళై గుంటూరు నుంచి ఈ ఊరొచ్చిన కొత్తలో అరవం ముక్క రాదు, పలకరించే దిక్కు లేదు. అప్పుడు దొరికాయి నాకు సూరి నాగమ్మగారి ఉత్తరాలు. మన జిల్లా ఆడపడుచు, చిన్నతనంలోనే భర్త పోయినావిడ, 1945 నుంచి ఆశ్రమం విశేషాలు అన్నగారికి మన భాషలో రాసేది. ఆవిడ వల్లే భగవాన్ నాకు తెలుగులో మాట్లాడే పెద్దాయనలా దగ్గరయ్యారు.

ఆశ్రమంలో లక్ష్మి అనే ఆవుండేది. 1948 జూన్‌లో అది కొన ఊపిరితో ఉంటే, భగవాన్ పక్కన కూర్చుని ఒక చెయ్యి దాని తల మీద, ఒక చెయ్యి గుండె మీద వేసి ఉన్నారు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా కళ్ళు చెమరుస్తాయి.

మందులూ డాక్టర్లూ నాన్న చూసుకుంటున్నారు. నువ్వొచ్చి ఇంకో స్పెషలిస్టు దగ్గరికి తిప్పొద్దు. సెలవు పెట్టి పది రోజులు నా పక్కన కూర్చో. ఏడుపొస్తే నా ముందే ఏడువు, బాత్రూంలోకి వెళ్ళకు. నీ చెయ్యి నా తల మీద వెయ్యి, నా జుట్టు రాలిపోయిందని జంకకు.

శుక్రవారం రైలుకే రా. నీ కాటన్ దుప్పటి ఉతికించి ఉంచాను.

అమ్మ