మునిగిన స్కూటర్‌కి తాళం తిప్పొద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ మీ పత్రికలో జాగ్రత్తల బాక్సు ఒకటి వేస్తారు. నీళ్ళు కాచి తాగండి, చీకట్లో పాములు జాగ్రత్త, నారుమడి మునిగితే ఏం చల్లాలి. అన్నీ కావలసినవే. ముప్పై ఏళ్ళు ఏఎన్‌ఎంగా ఆ కాచిన నీళ్ళ మాటే గడపగడపకీ చెప్పినదాన్ని, కాదనను. అయితే నీటమునిగిన బండిని ఏం చెయ్యాలో మాత్రం ఆ బాక్సులో నేనెప్పుడూ చూడలేదు. మా వైపు పాలవాడికీ, చేపల చెరువు కాపలాదారుకీ, అంగన్‌వాడీ టీచరుకీ స్కూటరే ఆధారం. గేదె తర్వాత ఇంట్లో విలువైన వస్తువు చాలామందికి అదే.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లో నేను పునరావాస కేంద్రంలో డ్యూటీలో ఉన్నాను. బండి గోదావరి పాయ వశిష్ఠ ఏటిగట్టు లోపల మా పుట్టింటి అరుగు మీద ఉండిపోయింది. నీరు సీటు దాకా వచ్చింది. నాలుగు రోజులకి తీసింది. మా తమ్ముడు నా మీద ప్రేమకొద్దీ బండి కడిగి, తుడిచి, తాళం తిప్పి సెల్ఫ్ కొట్టాడు. కొట్టగా కొట్టగా స్టార్టయింది. 'అక్కా, నీ బండి బతికింది' అని ఫోన్ చేసి, మూడు కిలోమీటర్లు నడుపుకుంటూ తెచ్చి ఇచ్చాడు. సాయంత్రానికి ఇంజన్లో గరగర మొదలైంది. మెకానిక్ కింద నట్టు విప్పితే పాలకాఫీ రంగులో కారింది ఆయిల్. లోపల నీళ్ళు కలిసిన ఆయిల్‌తోనే ఇంజన్ తిరిగింది కదా, క్రాంకు బేరింగులు పోయాయి. ఇంజన్ దించాల్సి వచ్చింది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్ప నాకు వేరేది లేదు కాబట్టి ఖర్చంతా నాదే. తమ్ముణ్ణి తప్పు పట్టను. నేనున్నా అదే చేసేదాన్ని.

కొన్నప్పుడు బండితో పాటు ఒక పుస్తకం ఇచ్చారు. ఇంగ్లీషు, హిందీ. ఇంజన్ దించాక పట్టుదల వచ్చి, ఇంటర్ చదివే మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆదివారాలు దాన్ని చదివించుకున్నాను. టీకా రిజిస్టరు రాసే అలవాటు కొద్దీ ఒక నోటుబుక్కులో తెలుగులో ఎక్కించుకున్నాను. నన్ను ఏళ్ళ తరబడి బాధపెట్టిన నడుం నొప్పికి మందు అందులో దొరుకుతుందని మాత్రం అనుకోలేదు.

బుధ, శనివారాలు వ్యాక్సిన్ పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని మలికిపురం, సఖినేటిపల్లి రోడ్ల మీద తిరిగేదాన్ని. దమ్ము చక్రాల ట్రాక్టర్లు చెక్కిపోయిన రోడ్డు మీద ముందు చక్రం గుంతలో పడితే మోచేతుల దాకా కొట్టేది. షాకబ్జర్లు మార్చమన్నారు, మార్చాను. సీటు మార్చమన్నారు. మన కోనసీమ సరుకే కదా అని కొబ్బరి పీచు, రబ్బరు పాలు కలిపి చేసిన దళసరి పట్టీ కోయించి సీటు కుట్టించాను. ఎండాకాలం హాయిగానే ఉంది. ఆషాఢంలో తడిసి, వారం రోజులు ఆరక, వాసన పట్టింది. తీయించేశాను. చివరికి పుస్తకంలో చూస్తే నా బండికి ముందు టైరులో 22, వెనక ఒక్కరుంటే 29, ఇద్దరుంటే 36 పాయింట్ల గాలి ఉండాలట. బంకులో కుర్రాడు రెండింటికీ 40 కొట్టేవాడు. 'గట్టిగా ఉంటే మైలేజీ వస్తుందండి' అనేవాడు. ఇన్నాళ్ళూ నేను రాళ్ళ మీద తిరిగానన్నమాట. బీపీ మిషను లాంటి చిన్న మీటరు కొనుక్కున్నాను. బండి చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే, పది రోజులకోసారి చూసుకుంటాను. షాకబ్జర్లకి పోసిన డబ్బుతో అలాంటి మీటర్లు ఊరంతటికీ పంచి ఉండొచ్చు.

షెడ్డులో ఈ సంగతి చెబితే మెకానిక్ నవ్వాడు. 'మీకెందుకండీ నర్సమ్మ గారూ ఈ గ్రీజు పనులు, మీ ఆయన్ని పంపండి' అన్నాడు. మా ఆయన సైకిల్ గొలుసు పడితే చుట్టుపక్కల ఎవరున్నారా అని చూసే మనిషి. సిరంజి పట్టిన చేతికి స్పానర్ కష్టమా?

నిజానికి సిరంజే నా మొదటి పనిముట్టు. అంతర్వేది వైపు గాలిలోనే ఉప్పు. పైగా రొయ్యల బండ్లు రోడ్డు పొడవునా కార్చుకుంటూ పోయే నీరు. దాని దెబ్బకి బ్రేకు తీగలు లోపల తుప్పు పట్టి, లివర్ నొక్కితే వెనక్కి రాదు. బ్రేకు పట్టే ఉంటుంది, డ్రమ్ము వేడెక్కుతుంది, పెట్రోలు తాగుతుంది. హ్యాండిల్ దగ్గర తీగ చివర ఊడదీసి, సూది లేని 5 మిల్లీల సిరంజితో చుక్కచుక్కగా మెషిన్ ఆయిల్ వదిలి, రాత్రంతా ఉంచితే కింది చివర నుంచి ఎర్రటి తుప్పు నీళ్ళు దిగుతాయి. పొద్దున్నకి లివర్ టక్కున వెనక్కి వస్తుంది. ఆ నూనె చుక్క డ్రమ్ములోకి మాత్రం పోకూడదు, బ్రేకు పట్టదు. తీగ కింది చివర గుడ్డ చుట్టి పెట్టండి. తిరిగి బిగించాక లివర్ కొన దగ్గర అర అంగుళం ఖాళీగా ఆడేలా చక్రం దగ్గరి నట్టు సరిచేసుకోవాలి. బిగించేసి, స్టాండు మీద చక్రం చేత్తో తిప్పితే బరబర మనకూడదు. దాళ్వా, అంటే రెండో పంట, కోతల్లో ఇంకోటి చూసుకోవాలి. రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోట వరిగడ్డి ముందు చక్రం ఇరుసుకి చుట్టుకుపోతుంది. ఒకసారి పిడికెడు గడ్డి తీశాను, కత్తెరతో కోసి కోసి.

ఆయిల్ చూసే పుల్ల సంగతి కూడా నాకు తప్పే తెలుసు. స్కూటర్‌ని మెయిన్ స్టాండు మీద వేసి, ఇంజన్ కాసేపు ఆడించి ఆపి, రెండు మూడు నిమిషాలాగి, పుల్ల తుడిచి, మర బిగించకుండా ఊరికే దించి చూడాలి. బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఆయిల్ డబ్బా మీద ఎంబీ అని ఉంటే స్కూటర్‌ది, ఎంఏ అని ఉంటే మోటార్‌సైకిల్‌ది. మోటార్‌సైకిల్ క్లచ్చి ఆయిల్లోనే మునిగి తిరుగుతుంది, జారకూడదు కాబట్టి దానికి ఆ రకం. మన స్కూటర్ క్లచ్చి పొడిగా ఉంటుంది. వెనక చక్రం దగ్గర గేరు ఆయిల్ వేరే ఉంటుందని చాలామందికి తెలియదు. నా బండికి 120 మిల్లీలు. పది మిల్లీల సిరంజితో పన్నెండు సార్లు.

ఇక వరద మాట. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 17 లక్షల క్యూసెక్కులు, రాకముందే బండిని ఏటిగట్టు మీదకో, ఎత్తయిన మేడ కిందకో చేర్చాలి. కుదరకపోతే బ్యాటరీ విప్పి అటక మీద పెట్టండి, ముందు మైనస్ తీగ తీయాలి. సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కి పైన కవరు కట్టండి. ఆ గుడ్డ తీయాలని కాగితం రాసి హ్యాండిల్‌కి కట్టండి, మా ఇంట్లో అదీ మర్చిపోయారు.

నీరు తీశాక తాళం జోలికి పోవద్దు. ముందు మంచినీళ్ళతో ఒండ్రు కడగాలి, ఉప్పునీరు తగిలితే ఇంకా తప్పదు. ప్లగ్గు చుట్టూ తుడిచి, ప్లగ్గు విప్పి, తాళం వెయ్యకుండానే కిక్కు పది పదిహేను సార్లు కొడితే సిలిండర్‌లో ఉన్న నీరు చిమ్ముకుంటూ బయటికి వస్తుంది. మొహం పక్కన పెట్టుకోండి. ఇంజన్ ఆయిల్, గేరు ఆయిల్ రెండూ వదిలేసి కొత్తవి పోయాలి. స్టార్టయ్యాక కొద్ది నిమిషాలు ఆడించి, ఇంజన్ ఆయిల్ మళ్ళీ మార్చాలి. రెండోసారి కూడా తెల్లగా ఉంటే మూడోసారి. డబ్బులు దండగనిపిస్తుంది గాని, ఇంజన్ దించడం ముందు అది లెక్కలోది కాదు. స్టార్ట్ చేసేముందే ఇంకో రెండు చూసుకోవాలి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె అడుగున చిన్న గొట్టం ఉంటుంది, దాని మూత తీస్తే నీరు కారిపోతుంది. కాగితం ఫిల్టర్ అయితే ఎండబెట్టి పెట్టుకోకండి, కొత్తది వెయ్యండి. ట్యాంకులోకి నీరు దిగిందనిపిస్తే పెట్రోలు అంతా తీసేయడమే. ఇప్పుడొచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, నీరు తగిలితే ఆ ఇథనాల్ నీటితో కలిసి అడుక్కి దిగిపోతుంది. కొత్త బండ్లు, అంటే కిక్కు లేనివి, కంప్యూటర్ ఉన్నవి అయితే నా సలహా వినకండి. బ్యాటరీ తీగ తీసేసి, ట్రాలీ ఆటోలో వేసి షెడ్డుకి పంపండి.

నేను అడిగేవి రెండే. కంపెనీల వాళ్ళు బండితో పాటు ఇచ్చే పుస్తకం తెలుగులో ఇవ్వాలి, టైర్లలో గాలి ఎంత ఉండాలో ఒక స్టిక్కర్ సీటు కింద అతికించాలి. మీరు వరద జాగ్రత్తల బాక్సులో బండికి నాలుగు లైన్లు చోటివ్వాలి. పైన నేను రాసింది పొడవైందనిపిస్తే తగ్గించి వేసుకోండి. మరీ చోటు లేకపోతే ఈ ఉత్తరానికి శీర్షికగా పెట్టిన మాటొకటే వెయ్యండి, జులై రాకముందు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
మలికిపురం మండలం, కోనసీమ జిల్లా