పేరు లేని చెట్టుకు రక్షణ ఎలా? అటవీ శాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మీకు ఒక చెట్టు గురించి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

టాంజానియాలోని ఉడ్జుంగ్వా కొండల్లో 2019లో మొక్కల సర్వే జరిగింది. ఆండ్రియా బియాంకి అనే వృక్షశాస్త్రవేత్తతో పాటు అలోయిస్, రూబెన్ మ్వాకిసోమా అనే స్థానికులు అడవిలో తిరిగారు. అక్కడ 40 మీటర్ల దాకా పెరిగే ఒక చెట్టు కనిపించింది. అది శాస్త్రానికి కొత్త జాతి. 2025లో దానికి టెస్మానియా ప్రిన్సెప్స్ అని పేరు పెట్టారు. మన చింతచెట్టు, అదీ ఒకే ఉపకుటుంబం. కూలిన చెట్టు చెక్కకు కార్బన్ పరీక్ష చేసి, అది పెరిగే వేగాన్ని బట్టి చూస్తే, బాగా పెద్ద చెట్ల వయసు 3000 ఏళ్ల దాకా ఉండొచ్చని అంచనా కట్టారు. ఎదిగిన చెట్లు వెయ్యి దాకా ఉంటాయట, అవీ రెండు లోయల్లోనే.

అంత పెద్ద చెట్టు ఇన్నాళ్లూ లెక్కలోకి ఎందుకు రాలేదు? కొత్త జాతి అని రుజువు చెయ్యాలంటే మామూలుగా పూలో కాయలో ఉన్న కొమ్మ కావాలి. దాన్ని కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టాలి. హెర్బేరియంలలో, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట్లలో, భద్రపరిచిన దగ్గరి జాతులతో ఆకు ఆకూ, పువ్వు పువ్వూ పోల్చాలి. తేడాలు రాసి ప్రచురించాలి. ఆ నమూనా కొమ్మ ఎప్పటికీ సాక్ష్యంగా ఉండాలి. కొన్ని చెట్లు ఏడాదిలో కొద్ది రోజులే పూస్తాయి. ఆ రోజుల్లో కొండ మీద ఉండేది ఎవరు? పట్నం నుంచి ఒక వారం క్యాంపుకు వచ్చే మాలాంటివాళ్లం కాదు.

మా ఊరు శేషాచలం కొండల కింద. చిన్నప్పుడు మాతో కొండెక్కిన ఒక యానాది తాత, ఆకు తుంచి నలిపి వాసన చూసి పేరు చెప్పేవాడు. "బెరడు గీరినా తెలుస్తుంది నాయనా" అనేవాడు. ఆయన చెప్పిన పేర్లలో సగం నాకు గుర్తు లేవు. రాసుకోలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

మన కొండసాంబ్రాణి సంగతే చూడండి. శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండల్లో తప్ప ఎక్కడా పెరగని చెట్టు. శాస్త్రీయంగా దాన్ని కొత్త జాతిగా వర్ణించింది 1961లో. దాని బంకతో ధూపం వేసుకున్నవాళ్లకు అది కొత్త చెట్టా? ఇప్పుడది ముప్పున్న జాతుల్లో ఒకటి. పేరు ఉంది కాబట్టే ఆ మాటైనా అనగలుగుతున్నాం. పేరు లేని చెట్టుకు, ముప్పున్న జాతుల అంతర్జాతీయ జాబితా అయిన రెడ్ లిస్టులో చోటు దొరకడం చాలా కష్టం. రోడ్డుకో క్వారీకో అనుమతి ఇచ్చే ఫైల్లో దాని ఊసే ఉండదు.

2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీల్లో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలి. వాటిలో చెట్లను ఊరివాళ్లు పిలిచే పేర్లతో రాస్తారు. ఏ పేరైనా తెలిసిన ఏ జాతికీ సరిపోకపోతే, అక్కడికి మనిషిని పంపండి. అక్కడే వెతకాలి. తూర్పు కనుమల్లో యానాదులు, చెంచులు, కొండరెడ్లలో చెట్లు తెలిసినవాళ్లను రోజుకూలీకి దారి చూపించేవాళ్లుగా కాకుండా, నెలజీతం మీద సర్వే సిబ్బందిగా తీసుకోండి. కొత్త జాతి దొరికితే ఆ పరిశోధన పత్రంలో వాళ్ల పేరు కూడా రచయితగా ఉండాలి. తిరుపతి, అనంతపురం యూనివర్సిటీల హెర్బేరియంలకు నమూనాలు ఆరబెట్టి దాచే మనుషులనూ, ఏటా ఖర్చులకు డబ్బునూ ఇవ్వండి.

మొదట ఒక్క డివిజన్‌లో, ఒక్క ఏడాది అన్ని రుతువులూ తిరిగేలా మొదలుపెట్టండి. మా వైపు కొండల్లో అయితే నేనూ సంచీ పట్టుకుని వస్తాను.

ఇట్లు,
శేషాచలం కొండల కింది ఊరివాడు