తీసేశారు కాదు నాన్నా, తీసేశాను

నాన్నకు,

నమస్కారం. ముందు ఈ ఒక్క ముక్క చదివి అమ్మకు చెప్పండి: నా ఉద్యోగం ఉంది. నన్నెవరూ తీసెయ్యలేదు.

మొన్న రాత్రి ఫోన్‌లో నేనన్నది “రెండు సర్వర్లలోంచీ బ్రిడ్జి తీసేశాను” అని. మీకు “తీసేశారు” అని వినపడింది. “ఎక్కణ్ణుంచీ?” అని మీరడిగితే నిద్రమత్తులో “రెండింట్లోంచీ” అన్నాను. ఆ వెంటనే లైను పోయింది. తెల్లారేసరికి ఆ మాట అత్తయ్య దాకా వెళ్లిందనీ, నాకు ఇంకో ఉద్యోగం చూడమని అత్తయ్య అప్పుడే మామయ్య వెంట పడిందనీ తమ్ముడు చెప్పాడు. వాడి మీద కోప్పడకండి, నేనే గుచ్చిగుచ్చి అడిగాను. వింటున్నప్పుడు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక మాత్రం, ఆ రాత్రంతా మీరు పడుకోకుండా కూర్చుని ఉంటారని తోచి నాకూ నిద్ర పట్టలేదు.

మళ్లీ ఫోన్‌లో చెబితే మళ్లీ ఇంకేదో వినపడుతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. అక్షరాలు పెద్దవిగానే రాస్తున్నాను.

నేను చూసే సర్వర్లు రెండు. రెండూ కలిసి ఒకే ఒరాకిల్ డేటాబేసును నడుపుతాయి. ఒకటి పడిపోతే రెండోది పని ఆగకుండా చూస్తుంది. అయితే ఇవి విడివిడి పెట్టెలు కావు, పెద్ద మిషన్ల లోపల సాఫ్ట్‌వేర్‌తో గోడలు కట్టి చేసిన వాటాలు. వర్చువల్ మిషన్లంటారు. మొదట్లో వీటిని తయారుచేసిన వాళ్లెవరో, లినక్సు ఎక్కించేటప్పుడు కనపడిన ప్రతిదానికీ టిక్కు పెట్టేశారు. అలా వచ్చి చేరిన వాటిలో లిబ్‌విర్ట్ ఒకటి. కొత్త వర్చువల్ మిషన్లను పుట్టించి, నడపడం దాని పని. అద్దెకున్న వాటాలో మళ్లీ వాటాలు వేసే ఉద్దేశం మాకెవరికీ లేదు. అది దానికి తెలియదు కదా. సర్వరు లేవగానే ‘డిఫాల్ట్’ అనే నెట్‌వర్కు ఒకటి మొదలుపెట్టి, విర్‌బీఆర్0 అనే బ్రిడ్జి, అంటే ఆ మిషన్లను కలిపే ఉత్తుత్తి లైను, వేసి, దానికి 192.168.122.1 అని అడ్రసు ఇచ్చుకుని కూర్చుంటుంది. రాబోయే మిషన్లకు 192.168.122.2 నుంచి 192.168.122.254 దాకా అడ్రసులు పంచడానికి డీఎన్ఎస్‌మాస్క్ అనే ఇంకో ప్రోగ్రామును కూడా కూర్చోబెడుతుంది. ఒక్క మిషనూ రాదు.

రాకపోతే రాలేదు, ఓ మూల పడి ఉంటే ఏం నష్టం అని మీరడుగుతారు. నేనూ చాలా నెలలు అలాగే అనుకున్నాను. తంటా ఏమిటంటే రెండు సర్వర్లూ అదే అడ్రసు పెట్టుకున్నాయి. మీకూ బాబాయికీ ఇంటిపేరూ పొడి అక్షరాలూ ఒకటే కావడంతో ఆయన ఉత్తరాలు మీకూ మీవి ఆయనకూ వచ్చేవి కదా, అదే గోల. సర్వర్లు బాగున్నాయో లేదో చూపించే మా మానిటరింగ్ స్క్రీన్ ఆ అడ్రసునే పట్టుకుని, రెండింటినీ ఒక్కటే అనుకుంది. ఒకసారి మొదటిది కనపడేది, ఇంకోసారి రెండోది. అర్ధరాత్రి అలారం, లేచి చూస్తే ఏమీ ఉండదు. పైగా క్లస్టరును, అంటే ఈ రెండు సర్వర్ల జట్టును, అప్‌గ్రేడ్ చేసే ముందు రెండు సర్వర్ల మధ్య దారులన్నీ సరిగా ఉన్నాయా అని ఒక పరీక్ష నడుపుతాం. అది ఈ బ్రిడ్జిని కూడా నిజం లైనే అనుకుని, ఇటునుంచి అటు పోలేకపోతున్నానని ఫెయిల్ చూపించింది. పోలేదు మరి. ఆ అడ్రసుకు ఏది పంపినా గడప దాటదు, ఎవరి సర్వరులో వాళ్లకే తిరిగొస్తుంది.

ఇది మీకు అర్థమవుతుందని నాకు తెలుసు. మీ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, లైన్లన్నీ వచ్చి చేరే ఆ పెద్ద ఫ్రేము, ఎండీఎఫ్ వెనకాల, కనెక్షను ఎప్పుడో తీసేసిన వాళ్ల జంపరు వైర్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతుండేవి. వేసేవాళ్లే గాని తీసేవాళ్లు లేరని మీరు విసుక్కునేవారు. సెలవుల్లో నన్ను తీసుకెళ్లినప్పుడు, ఒక్కో వైరుకూ టెస్ట్ ఫోన్ తగిలించి, కళ్లు మూసుకుని వినేవారు. టోన్ లేదు అని తేల్చుకున్నాకే కత్తిరించేవారు. నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడేదాన్ని, నేను ఊపిరి తీస్తే మీకు టోన్ వినపడదేమోనని.

నేనూ మొదట అదే చేశాను నాన్నా. దీని కింద ఏ మిషనైనా ఉందా అని విర్ష్ అనే కమాండుతో అడిగితే ఖాళీ జాబితా వచ్చింది. బ్రిడ్జికి తగులుకుని ఉన్నవేమిటో చూస్తే, అది తనకోసం తను వేసుకున్న విర్‌బీఆర్0-నిక్ అనే ఉత్తుత్తి కార్డు తప్ప ఇంకేం లేదు. స్థితి అడిగితే ‘నో-క్యారియర్’ అంది. టోన్ లేదన్నమాట. ఇదే బ్రిడ్జి బయట పెద్ద మిషన్ మీద ఉండి, దాని కింద నిజంగా మిషన్లు నడుస్తుంటే జోలికి పోకూడదు. వాటికి బయటికి వచ్చే దారి అదే.

ఇంత చూసుకుని కూడా మొదటిసారి తప్పు చేశాను. ‘నెట్-డిస్ట్రాయ్ డిఫాల్ట్’ అని కమాండు ఇచ్చాను. బ్రిడ్జి మాయమైంది. పనైపోయిందని టికెట్, అంటే ఆ పని పేర ఆఫీసులో తెరిచిన చీటీ, మూసేసి పడుకున్నాను. డిస్ట్రాయ్ అంటే నాశనం అనుకుంటాం కదా, అక్కడ దానర్థం ప్రస్తుతానికి ఆపమని మాత్రమే. వారం తిరిగాక సర్వరు రీబూట్ అయింది, బ్రిడ్జి మళ్లీ లేచి కూర్చుంది. మళ్లీ అర్ధరాత్రి అలారం. మా మేనేజరు గట్టిగా ఏమీ అనలేదు, “మూసేసిన టికెట్ మళ్లీ తెరిచారే” అన్నాడంతే. అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ వారమే మీరు ఫోన్ చేసి గొంతు అలా ఉందేమని అడిగారు, నేను జలుబన్నాను.

మొన్న మాత్రం పద్ధతిగా చేశాను. మీరు పెయిర్ నంబర్లు రాసుకునే నల్ల అట్ట పుస్తకం గుర్తొచ్చి, ముందు ఆ నెట్‌వర్కు వివరమంతా ఒక ఫైలులోకి దించి దాచాను. తర్వాత డిస్ట్రాయ్, దాని వెంటే ‘నెట్-అన్‌డిఫైన్’. ఈ రెండోది దాని నిర్వచనాన్నే చెరిపేస్తుంది, బూటవగానే లేచే ఏర్పాటు కూడా దాంతోనే పోతుంది. ఆ పైన లిబ్‌విర్ట్ సర్వీసునీ, దాన్ని తట్టి లేపే సాకెట్లనీ ఆపి, ఇక లేవకుండా డిసేబుల్ చేశాను. ఒక సర్వరు పూర్తిచేసి, రీబూట్ చేసి, రాలేదని చూసుకున్నాకే రెండోదాని మీద చెయ్యి వేశాను.

చేతులు వణికాయి, ఎందుకు దాచాలి. అదే తెరమీద, ఆ బ్రిడ్జికి రెండు వరసల పైన, ఈ రెండు సర్వర్లూ ఒకదాని నాడి ఒకటి చూసుకునే ప్రైవేటు లైను ఉంటుంది. మేము మార్చకుండా వదిలేసిన లెక్క ప్రకారం 30 సెకన్లు అటునుంచి ఉలుకూ పలుకూ లేకపోతే క్లస్టరు ఒకదాన్ని బయటికి తోసేస్తుంది. నా కమాండు దాని జోలికి పోదని తెలిసినా భయం భయమే. అందుకే పేరు టైపు చేశాక ఎంటర్ మీద వేలు పెట్టకుండా, కుర్చీలోంచి లేచి, గది చివరిదాకా నడిచి వెనక్కొచ్చి మళ్లీ చదివాను. పక్క సీటు అబ్బాయి వింతగా చూశాడు.

ఇప్పుడు అలారం లేదు. పరీక్ష పాసైంది. అడ్రసుల జాబితా అడిగితే ఉండాల్సినవే వస్తున్నాయి. అంత పని ఎందుకు చేశావని ఎవరూ అడగలేదు, బాగా చేశావనీ ఎవరూ అనలేదు. మీకు చెబుదామనే ఆ రాత్రి వేళ కాని వేళ ఫోన్ చేశాను.

అమ్మా, వేళకు తింటున్నాను. బరువు తగ్గలేదు, ఆ ఫోటోలో వెలుతురు అలా పడింది. మోకాలి నొప్పికి డాక్టరు చెప్పిన వ్యాయామం చేస్తున్నావా, లేక కాగితం దేవుడి గూట్లో పెట్టావా? తమ్ముడి ఫీజు పంపేశాను, వాణ్ని మళ్లీ అడగొద్దు.

నాన్నా, ఇంకొకటి. రాయాలా వద్దా అని ఇందాకట్నుంచీ చూస్తున్నాను. లైను బాగాలేకపోవడం వల్లే తప్పు వినపడిందని తమ్ముడితో అన్నారట. పోయేదాకా లైను బాగానే ఉంది. మీరు పక్కన పెట్టిన రేడియో కూడా నాకు స్పష్టంగా వినపడుతోంది. అంత గట్టిగా ఎప్పుడూ పెట్టేవారు కాదు మీరు. పోయిన ఏడాది కొన్న చెవి మిషను ఇంకా డబ్బాలోనే ఉందని అమ్మ చెప్పింది. నలుగురిలో పెట్టుకోవడం నామోషీ అయితే నాతో మాట్లాడేటప్పుడు పెట్టుకోండి, ఇక్కణ్ణుంచి నాకేం కనపడుతుంది? మొదట అన్నీ గోలగా వినపడతాయట, రోజూ కాసేపు పెట్టుకుంటే అలవాటవుతుందని డాక్టరు అప్పుడే చెప్పారు.

ఆదివారం మీకు పొద్దున్న ఏడింటికి చేస్తాను. ఫోన్ మీరు ఎడమ చెవికే పెట్టుకుంటారు, మిషనూ ఆ వైపుదే. డ్రాయరు తాళం అమ్మ దగ్గరుంది. రేడియో కట్టేసి కూర్చోండి.

మీ
పెద్దమ్మాయి

తా.క. ఈ ఉత్తరం అత్తయ్యకు కూడా చదివి వినిపించండి. మామయ్యను ఎవరినీ అడగొద్దనమనండి. అప్పుడే ఎవరితోనైనా చెప్పేసి ఉంటే, ఆ ఉద్యోగమేమిటో మాత్రం నాకు రాయండి.