మన ఫుట్‌బాల్ క్లబ్బు రెండేళ్ల జమా ఖర్చులు (2023 ఏప్రిల్ – 2025 మార్చి)

సభ్యులకు, చందాలిచ్చిన షాపులవాళ్లకు, కాలేజీ గోడెక్కి ఆట చూసిన అందరికీ నమస్కారం.

ఈ లెక్క ఏటా ఉగాదికి చెప్పాలి. 2024 ఉగాదికి చెప్పలేదు. అప్పుడు గెలుస్తున్నాం కాబట్టి ఎవరూ అడగలేదు, మేమూ నోరు విప్పలేదు. ఇప్పుడు అడుగుతున్నారు. "కమిటీవాళ్లు తినేశారంట" అని బస్టాండు దగ్గర అనుకుంటున్న సంగతి మా చెవినా పడింది. అందుకని పైసాతో సహా రాస్తున్నాం. రాస్తున్నది కోశాధికారిని. తప్పులుంటే నావి, నిర్ణయాలు మాత్రం కమిటీలో ఉన్న ఏడుగురివీ.

జమ ఇదీ:

సభ్యత్వాలు, తలా 500 (మొదటి ఏడు 64 మంది, రెండో ఏడు 41 మంది): 52,500
షాపుల చందాలు: 1,37,400
కువైట్, అమెరికాల నుంచి పాత ఆటగాళ్లు పంపినవి: 48,000
సంక్రాంతి టోర్నమెంటుకు 12 జట్ల ఎంట్రీ ఫీజులు: 36,000
టోర్నమెంటు మూడు రోజులూ హుండీ డబ్బాలో పడినవి: 11,350
గెలుచుకున్న ప్రైజ్ మనీ: 35,000
ఒక దాత గారు ఇచ్చినది: 8,10,000
మొత్తం: 11,30,250

ఇది కాక చివర్లో కమిటీలో ముగ్గురి దగ్గర తీసుకున్న చేబదులు 70,000. అది విరాళం కాదు, అప్పు. అందుకే విడిగా చూపిస్తున్నాం.

మన జమలో నూటికి 72 రూపాయలు ఒక్క మనిషివి. మొదటి ఏడు నోటీసు బోర్డు మీద అంటించిన కాగితంలో దీన్ని "ఇతర విరాళాలు" అని ఒక్క లైనులో కొట్టేశాను. దాత గారు పేరు వద్దన్నారు, అది నిజమే. పేరు వేయకుండా "ఒకరి నుంచి 3,60,000" అని రాయొచ్చు కదా. రాయలేదు. రాసుంటే, ఆ ఒకరు మానేస్తే ఏం చేస్తారని కనీసం ఒక్కరైనా అడిగేవాళ్లు.

ఆయన 2023 ఆగస్టులో వచ్చారు. అంతకు ముందు నెలలోనే మన పిల్లలు బళ్ళారి వైపు ఒక టోర్నమెంటులో 25,000 గెలుచుకొచ్చారు. ఆ జట్టులో బయటివాడు ఒక్కడూ లేడు. జనరల్ బోగీలో వెళ్లి, ఇళ్ల నుంచి తెచ్చుకున్న పులిహోర తిని, ఫైనల్ రోజు ఒకే జత బూట్లను ఇద్దరు మార్చుకుని ఆడారు. ఫస్టాఫ్ ఒకడు, సెకండాఫ్ ఒకడు. వాళ్లను ఊరేగించిన ట్రాక్టరు పక్కన దాత గారి కారు ఆగింది. రియల్ ఎస్టేట్‌లో ఆయనకు అప్పట్లో బాగా నడుస్తోంది. "మన ఊరికి ఇంత టీముందని నాకు తెలీదే" అన్నారు. వారంలో లక్ష రూపాయలు ఇచ్చారు. అడిగింది ఒకటే, జెర్సీ మీద వాళ్ల వెంచరు పేరు వేయమని. వేశాం.

ఇక చందాల సంగతి. షాపుల చందాలు మొదటి ఏడు 1,02,000 వచ్చాయి, రెండో ఏడు 35,400. అడగడం మానేశామా అంటే లేదు, అడిగాం. మెయిన్ బజారులో రసీదు బుక్కు పట్టుకుని వెళితే, అయిదేళ్లుగా 501 రాయిస్తున్న బట్టల షాపాయన నవ్వి, "మీకు ఇప్పుడు మా అయిదొందలు ఎందుకన్నా, పెద్దాయన ఉన్నాడు కదా" అన్నాడు. టీ బంకు ఆయన మాత్రం ఎప్పటిలాగే 51 ఇచ్చాడు. సభ్యులు 64 నుంచి 41కి పడిపోవడానికీ ఇదే కారణం అనుకుంటాను. పెద్ద డబ్బు ఆగిపోయినందుకు మునిగామని అందరూ అంటున్నారు. నా లెక్కలో అది వచ్చినప్పుడే సగం మునిగాం. చిన్న డబ్బును అది తరిమేసింది.

ఖర్చుల్లోకి వస్తే, అన్నిటికన్నా పెద్ద పద్దు బయటి ఆటగాళ్లది. 2024 జూన్ నుంచి డిసెంబరు దాకా అయిదుగురు: హైదరాబాదు నుంచి ఇద్దరు, కేరళ నుంచి ఇద్దరు, బళ్ళారి నుంచి ఒకరు. నెలకు తలా 12,000. అయిదు నెలలకు 3,00,000 ఇచ్చాం, నవంబరు, డిసెంబరులకు ఇవ్వలేదు. గది అద్దె ఏడు నెలలకు 42,000, మెస్సుకు అయిదు నెలలకు 57,500. కోచ్‌కు నెలకు 10,000 చొప్పున 16 నెలలకు 1,60,000.

వాళ్లను తేవడం తప్పా? ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆడిన తొమ్మిది మ్యాచుల్లో ఒక్కటీ ఓడలేదు. ఆ రోజుల్లో గోడ మీద చోటు దొరికేది కాదు. అలాంటి ఆట మన ఊరు మళ్లీ ఎప్పుడు చూస్తుందో. అయితే డబ్బుల లెక్కలో వాళ్లతో గెలిచింది ఒక రన్నరప్ ప్రైజు, 10,000. (ఆ టోర్నమెంటు గట్టిది, ఒప్పుకుంటాను.) వాళ్లొచ్చాక బెంచీ మీద కూర్చున్న మన పిల్లల్లో నలుగురు అక్టోబరుకల్లా ప్రాక్టీసుకు రావడం మానేశారు. దానికి ఏ పద్దూ లేదు.

కమిటీ మీటింగులో ఒక పెద్దాయన, అప్పటి హైదరాబాద్ పోలీసు జట్టు కోచ్ రహీం సాబ్ జమానా గుర్తు చేశారు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు టోర్నమెంటు గెలిచింది, జట్టన్నాక అలా ఉండాలి అని. నిజమే. కానీ వాళ్లవి పోలీసు ఉద్యోగాలు. గెలిచినా ఓడినా జీతానికి ఢోకా లేదు. మన అయిదుగురి జీతం ఒకాయన మూడ్ మీద ఆధారపడింది. ఆ మాట ఆ రోజు మీటింగులో నాకు తట్టలేదు.

సామాన్లకు 1,46,300. ఇందులో 38 జతల బూట్లు 53,200, జెర్సీలు 60కి 39,000, బంతులు 24కి 27,600, మిగతాది నెట్లు, షిన్ గార్డులు, ఫస్టెయిడ్. ప్రయాణాలు 1,62,450. మొదటి ఏడు ఇదే పద్దు 38,200. రెండో ఏడు టెంపో ట్రావెలర్ లేనిదే కదల్లేదు, 1,24,250 అయింది. సంక్రాంతి టోర్నమెంటు 1,34,800, వచ్చిన ఫీజులు, హుండీ పోను 87,450 చేతి నుంచి పడింది. గ్రౌండుకు ఎర్రమట్టి, నీళ్ల ట్యాంకర్లు, సున్నం, రోలరు బాడుగ అన్నీ కలిపి 58,900. రిజిస్ట్రేషన్ ఫీజులు 9,500.

మోకాలి ఆపరేషన్‌కు 65,000. మన లెఫ్ట్ బ్యాక్, డిగ్రీ రెండో ఏడు పిల్లవాడు. వాళ్ల నాన్న హమాలీ. మ్యాచులో పడ్డప్పుడు టప్‌మని శబ్దం అవతలి గోల్ దగ్గరున్న నాకు వినిపించింది. "క్లబ్బు డబ్బుతో ఆపరేషనేంది" అని ఇద్దరు సభ్యులు అడిగారు. వాడు క్లబ్బు జెర్సీ వేసుకుని పడ్డాడు. ఈ పద్దు గురించి నన్ను మళ్లీ అడగొద్దు.

ఫ్లడ్‌లైట్లకు అడ్వాన్సు 60,000. ఇది పూర్తిగా మా తెలివితక్కువ పని. కాలేజీ నుంచి పర్మిషన్ రాకముందే అడ్వాన్సు ఇచ్చేశాం. రెండు ఇనుప స్తంభాలు వచ్చాయి, తర్వాత మిగతా డబ్బు లేక పని ఆగింది. ఆ స్తంభాలు కాంపౌండు గోడ వారగా పడి ఉన్నాయి, వాటికి ఎవరో మేకల్ని కట్టేస్తున్నారు. అడ్వాన్సు వెనక్కి రాదనే రాసుకోండి.

మొత్తం ఖర్చు 11,96,450. చేబదులుతో కలిపి మన చేతికి వచ్చింది 12,00,250. మార్చి 31న బ్యాంకులో నిల్వ 3,800.

"టీలు, టిఫిన్ల పద్దు ఏదీ" అని అడిగినవాళ్లకు: లేదు. టోర్నమెంటు మూడు రోజులు తప్ప ఎవరి టీ వాళ్లే తాగాం.

దాత గారు ఎందుకు ఆపేశారని అందరూ అడుగుతున్నారు. దసరా వరకు 2024-25కి ఆయన ఇచ్చింది 4,50,000. తర్వాత వెంచరు అమ్మకాలు మందగించాయని విన్నాం. ఫోను ఎత్తలేదనడం అన్యాయం, ఎత్తారు. "చూద్దాం" అన్నారు. ఇస్తానని ఆయన ఎక్కడా రాసివ్వలేదు, మేమూ రాయించుకోలేదు. ఆయన్ను తిట్టే హక్కు మాకు లేదు, 8,10,000 ఇచ్చిన మనిషి.

మన దగ్గర ఆడి ఇప్పుడు గ్లాస్గోలో చదువుకుంటున్న కుర్రాడు డిసెంబరులో ఫోను చేసి, "సార్, మనది గ్రెట్నా కథ" అన్నాడు. నాకు తెలీదంటే చెప్పాడు. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దులో మూడు వేల మంది ఉండే ఊరు గ్రెట్నా. పక్కనే ఉన్న గ్రెట్నా గ్రీన్, ఇంట్లో చెప్పకుండా పారిపోయి వచ్చిన జంటల పెళ్లిళ్లకు పేరు మోసిన చోటు. 2002లో ఆ ఊరి క్లబ్బుకు స్కాటిష్ లీగులో చోటు దొరికింది. బ్రూక్స్ మైల్సన్ అనే ధనవంతుడు డబ్బు కుమ్మరించాడు. 2005, 2006, 2007, మూడేళ్లలో మూడు డివిజన్లు గెలిచి నేరుగా పై డివిజన్‌కు చేరారు. 2006లో స్కాటిష్ కప్పు ఫైనల్లో హార్ట్స్ జట్టును 1-1 దగ్గర ఆపి పెనాల్టీల్లో ఓడారు. యూరప్ క్లబ్బులు పోటీపడే యూఫా కప్పు కూడా ఆడారు.

పై డివిజన్ ఆడటానికి వాళ్ల సొంత గ్రౌండు పనికిరాదన్నారు. దాంతో సొంతూరి మ్యాచులను వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న మదర్‌వెల్‌లో ఆడాల్సి వచ్చింది. ఇంతలో మైల్సన్ జబ్బుపడ్డాడు, డబ్బు ఆగింది. 2008 మార్చిలో క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే అప్పులు తీర్చలేక బయటివాళ్ల అజమాయిషీలోకి పోయింది, 10 పాయింట్లు కోశారు. ఏప్రిల్‌లో ఒక మ్యాచుకు వచ్చిన జనం 431 మంది. పై డివిజన్ మ్యాచు అది! వేసవికల్లా లీగు నుంచి తప్పుకున్నారు, క్లబ్బు మూతపడింది. ఆ నవంబరులో మైల్సన్ కూడా పోయాడు. తర్వాత అభిమానులే గ్రెట్నా 2008 అని పెట్టుకుని కింది లీగు నుంచి మొదలుపెట్టారు.

అంత దూరం ఎందుకు, 2022 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025 నాటికి పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. వాళ్లవి కోట్లు, మనవి వేలు. కానీ ఆ 431 దగ్గర నేను ఆగిపోయాను. మన రెండో ఏటి సభ్యులు 41.

చివరి మ్యాచు జనవరిలో. బయటివాళ్లు డిసెంబరు ఆఖరులోనే వెళ్లిపోయారు. మానేసిన మన పిల్లల్ని మళ్లీ పిలవడానికి మాకు మొహం చెల్లలేదు. తొమ్మిది మందితో దిగాం. 6-0.

మార్చి 31 నాటికి బాకీలు: ఆటగాళ్లకు 1,20,000, కోచ్‌కు 20,000, మెస్సుకు 23,000, టెంపో ఆయనకు 14,000, చేబదులు 70,000. మొత్తం 2,47,000. మే నెలలో ఏడుగురం తలా 20,000 వేసుకుని ఆటగాళ్లకు, కోచ్‌కు పూర్తిగా తీర్చేశాం. అయిదుగురి దగ్గరా ముట్టినట్టు సంతకాలున్నాయి. కేరళ కుర్రాడొకడు రసీదు ఫొటో పంపుతూ, గదిలో మర్చిపోయిన తన పాత బూట్లు ఎవరికైనా సరిపోతే ఇమ్మన్నాడు.

మెస్సు అక్క లెక్క క్యాలెండర్ కాగితాల వెనక రాసుకుంది, రోజుకొక గీత, మాంసం వండిన రోజు గీత చుట్టూ సున్నా. మా పుస్తకంతో పోలిస్తే ఆమె లెక్కే సరిగ్గా ఉంది, మేము మూడు పూటలు తక్కువ రాశాం. నిల్వ ఉన్న 3,800 ఆమెకే ఇచ్చాం. ఇంకా 19,200 ఇవ్వాలి. టెంపో ఆయనకు 14,000 అలాగే ఉంది. చేబదులిచ్చిన ముగ్గురూ తొందర లేదన్నారు. ముందు అక్కకు, తర్వాత టెంపోకు, ఆఖరున మావాళ్లకు. ఇకమీదట వచ్చే ప్రతి రూపాయీ ఈ వరసలోనే పోతుంది.

ఒకటి మిగిలింది. ఏడో నంబరు రసీదు బుక్కు పోయింది. వసూలుకు వెళ్లిన పిల్లవాడు బస్సులో మర్చిపోయానన్నాడు. పోయేలోపు 22 రసీదులకు 4,400 తెచ్చి నాకిచ్చాడు, అది జమలో ఉంది. మిగిలిన 28 రసీదులను ఎవరైనా వాడారేమో చెప్పలేను. మీ దగ్గర ఏడో నంబరు బుక్కు రసీదుంటే దయచేసి తీసుకురండి, పోల్చి చూస్తాం.

వోచర్లు, బ్యాంకు పాసుబుక్కు వచ్చే రెండు ఆదివారాలు ఉదయం 7 నుంచి 10 దాకా గ్రౌండు పక్కన వేపచెట్టు కింద ఉంటాయి. ఎవరైనా చూడొచ్చు, ఫొటోలు తీసుకోవచ్చు. బంతుల్లో గాలి నిలిచేవి తొమ్మిది. సామాన్ల గది తాళంచెవి టీ బంకులో పెట్టాం, సాయంత్రం ఆడుకునే పిల్లలు అడిగి తీసుకోవచ్చు. ఆట అయ్యాక బంతులు లెక్కపెట్టి లోపల పెట్టమని చెప్పండి.

కోశాధికారి, కమిటీ తరఫున