ఆఫ్రికా దోసె అనే దోసె లేదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో 'ఆఫ్రికా దోసె' తయారీ చూశాం. మన దేశానికి తొమ్మిదింతల నేల, 54 దేశాలు ఉన్న ఖండానికి ఒకే దోసె ఎలా అంటగట్టారు? జయపురం సంతలో చోళ్ళ (రాగుల) అంబలి కుండను చూసి 'ఆసియా అంబలి' అంటే అమ్మే ఆవిడే నవ్వుతుంది. మీరు రాసినది ఇంజెరా. ఇథియోపియా, ఎరిత్రియాల తిండి. అల్జీరియాలో అయితే గోధుమరవ్వతో చేసే కుస్‌కుస్, ఘనాలో ఉడికించిన దుంపలు దంచి చేసే ఫుఫూ.

పేరు సరే, పద్ధతి కూడా తప్పింది. వంటసోడా వేసి రెండువైపులా కాల్చమన్నారు. ఇంజెరాను తిప్పరు. టెఫ్ అనే, ఆవగింజకన్నా సన్నటి గింజల పిండిని నీళ్ళలో కలిపి, పాత పిండి మీద తేరిన పసుపుపచ్చటి పులుపునీళ్ళు (ఎర్షో) తోడు వేసి రెండు మూడు రోజులు పులియబెడతారు. పులిశాక అందులో కొంచెం పిండి తీసి, నీళ్ళతో జావలా ఉడికించి, గోరువెచ్చగా చల్లార్చి తిరిగి కలుపుతారు. దీన్ని అబ్సిత్ అంటారు. అసలు కిటుకంతా ఇక్కడే. ఇది మానేస్తే అట్టు పెళుసుగా వస్తుంది, కళ్ళు (అట్టు పైన పడే చిల్లులు) సరిగా పడవు. వేడివేడిగా పోస్తే పులుపు చచ్చిపోతుంది. పిండి మళ్ళీ పొంగాక, కాలిన పెనం మీద అంచు నుంచి మధ్యకు చుట్టలా పోయాలి. పైన కళ్ళు విచ్చుకున్నాకే మూత. తొందరపడి మూస్తే ఆవిరికి కళ్ళు పూడుకుపోతాయి. అంచులు లేవగానే తీసి, చల్లారాకే ఒకదానిమీద ఒకటి పేర్చాలి. లేదంటే ముద్దే.

టెఫ్ మనకు సులువుగా దొరకదు, నిజమే. కానీ మన చోళ్ళు పుట్టింది ఆ తూర్పు ఆఫ్రికా మెట్టల్లోనే. పక్కింటి ఒడియావాళ్ళకు మండియా, కెన్యాలో వింబి, ఇథియోపియాలో దాగుసా. అక్కడ దాగుసాతోనూ ఇంజెరా పోస్తారు. ఉత్త చోడిపిండి అయితే తీసేటప్పుడు విరుగుతుంది కాబట్టి, మనవాళ్ళు మూడు గ్లాసులకు ఒక గ్లాసు గోధుమపిండి కలుపుకోవచ్చు. నాలుగు గ్లాసుల పిండికి ఐదు గ్లాసుల నీళ్ళతో మొదలుపెట్టి, పోసేటప్పుడు దోసెపిండికన్నా పలచగా ఉందో లేదో చూసుకుంటే చాలు. ఎండాకాలం రెండు రోజులకే పులుస్తుంది.

ఇంకొకటి. పక్కన కోడికూర బొమ్మ ఒక్కటే వేశారు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉంటారు; మాంసం, పాలు ముట్టరు. ఆ రోజుల్లో ఇంజెరా మీదకి వచ్చేది ఎర్రపప్పు కూర, లేదా శనగపిండితో చేసే షీరో. నలుగురూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని, ముద్ద చుట్టి పక్కవాళ్ళ నోట్లో పెడతారు. దాని పేరు గుర్షా.

వచ్చే ఆదివారం సవరణ వేసేటప్పుడు చోటు చాలకపోతే, కనీసం ఆ వంటసోడా మాటైనా తీసేయండి.

– కొందరు పాఠకులు,
జయపురం, కొరాపుట్ జిల్లా, ఒడిశా